నలభై ఒక్క రాళ్ళు, పదహారు వందల సీసీ

వలస 23వ ఏడు. పరుగుకు 31 రోజులు

రాత్రంతా మంచు పట్టిన మంచువలలు పొద్దున పిండితే బిందెన్నర నీళ్ళు దిగాయి. ప్రార్థన చేసుకుని, లోటాడు నీళ్ళు తాగి, షెడ్డు తాళం తీశాను. ఈ ఏటి బండి పుస్తకం ఇవాళ మొదలుపెడుతున్నాను.

రాసేది తూర్పుగట్టు యూదితమ్మ. వయసు యాభై. చదువు పదో తరగతి. మా ఆయన ఉన్నన్నాళ్ళు బండి పని ఆయనది, పుస్తకం నాది. ఆయన పోయాక బండి పని మెకానిక్ గిద్యోను చేతికి వెళ్ళింది. పుస్తకం నా దగ్గరే ఉండిపోయింది. గెలిచిన ఊరి పుస్తకాన్ని ఓడిన ఊరివాళ్ళు అందరి ముందూ బిగ్గరగా చదవాలని ఒప్పందం. మూడేళ్ళుగా పడమటిగట్టు పుస్తకం నేను చదువుతున్నాను.

బండ్ల పరుగులో గెలిచిన ఊరికే కాలువలో మొదటి వంతు నీళ్ళు, మూడేళ్ళుగా అవి వాళ్ళవే. నలభై రోజులు వాళ్ళు తడుపుకున్నాక కాలువలో మిగిలిన బురదనీళ్ళు మాకు వస్తాయి. అప్పటికి విత్తనం వేసే అదును దాటిపోతుంది. పోయిన ఏడు ఏడిళ్ళవాళ్ళు సామాను కట్టుకుని వెళ్ళిపోయారు. ఇప్పుడు నలభై ఒక్క ఇళ్ళున్నాయి. వరసగా నాలుగుసార్లు ఓడిన ఊరికి మొదటి వంతు మీద హక్కు ఎప్పటికీ ఉండదు. అంటే ఈసారి ఓడితే ఈ ఊరు ఉండదు. ఒకసారి ఊరిని మోసుకుని ఇక్కడికి వచ్చాం. ఇంకోసారి మోసే ఓపిక ఎవరికీ లేదు.

షెడ్డులో మూడు ఇంజిన్లున్నాయి. పన్నెండు వందల సీసీది, పదహారు వందలది, రెండు వేలది. ఏది పెట్టుకుంటామో పరుగుకు ఇరవై రోజుల ముందు రెండు ఊళ్ళ ఎదుట చెప్పి సీలు వేయించాలి.

29 రోజులు

ఎండిన చెరువు మధ్యలో నాలుగు వందల మీటర్లు గీతలు గీసి, మూడు ఇంజిన్లూ ఒకదాని తరవాత ఒకటి బిగించి తోలాం. బండికి పోసే కిత్తనార సారా తక్కువ ఉంది కాబట్టి ఒక్కోదానికి రెండే పరుగులు. తోలేది కెజియా, నా తమ్ముడి కూతురు. పోయిన ఏడు గీత దాటాక బ్రేకు పడక గట్టును గుద్దుకుంది. ఎడమ మోకాలు అప్పటినుంచి బాగాలేదు. బాగైందని అది చెబుతుంది.

నియమం తెలియనివాళ్ళ కోసం రాస్తున్నాను. ఒక్కో సీసీకి కనీసం అర కిలో చొప్పున బండి బరువుండాలి, తోలేవాళ్ళతో కలిపి. రెండు వేల సీసీ పెడితే వెయ్యి కిలోలు. పదహారు వందలకు ఎనిమిది వందలు. పన్నెండు వందలకు ఆరు వందలు. పెద్ద ఇంజిన్ పెట్టుకున్నవాడు పెద్ద బరువు మోయాలి. ఇవాళ బరువు కోసం ఇసుక మూటలు పెట్టాం.

రెండు వేలది 16.0 సెకన్లు.
పన్నెండు వందలది 15.8.
పదహారు వందలది 15.4.

గిద్యోను గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని చూశాడు, అది ఆగిపోయిందేమో అని.

"ఏందిబ్బా ఇది! పెద్దదానికి బలం ఎక్కువ గదా?" అన్నాను.

"బలం ఎక్కువే అక్కా. ఆ బలం నేలకు దిగల్ల గదా. మన టైర్లు చూడు, బోడిగుండు మాదిరి ఉండాయి. పెద్దది గుంజితే చక్రాలు ఉన్నచోటే తిరుగుతాండాయి. దుమ్ము లేపి దుమ్ములోనే నిలబడతాది. అది తేరుకునే లోపల పడమటోళ్ళు సగం దూరం పోయింటారు."

"మరి చిన్నది?"

కెజియా హెల్మెట్ తీస్తూ చెప్పింది. "చిన్నది బాగానే లేస్తాది అత్తా. కానీ ఊరికే కీచుమంటాది. గేరు మార్చు, గేరు మార్చు అని ప్రాణం తీస్తాది. మధ్యదే మంచిది. అది చెప్పిన మాట వింటాది."

"నీ మాదిరి కాదన్నమాట" అన్నాడు గిద్యోను.

పోయిన ఏడు పడమటిగట్టు కాలం 15.5. పదహారు వందలే పెట్టుకోవాలని ముగ్గురం ఒక్క మాట మీదికి వచ్చాం. దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. కానీ షెడ్డు మూలన రాళ్ళు కనిపించగానే ఆ స్తోత్రం సగంలో ఆగిపోయింది.

27 రోజులు

రాళ్ళ సంగతి.

ఈ ఊరికి వలస వచ్చినప్పుడు ప్రతి ఇల్లూ పాత ఇంటి పునాదిలోంచి ఒక రాయి పెకలించి తెచ్చుకుంది. పరుగుకు బరువు కావాల్సి వచ్చినప్పుడు ఆ రాళ్ళనే బండిలో పేర్చారు. మొదట్లో కొన్నేళ్ళు ఇసుక మూటలు కూడా పెట్టేవాళ్ళు. ఎవరో మూటలకు చిల్లు పెట్టి దారి పొడుగునా ఇసుక రాల్చుకుంటూ పోయారు. అది ఎవరన్నది రెండు ఊళ్ళూ ఇప్పటికీ ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు. అప్పటినుంచి పరుగు రోజున ఇసుక, ఇనుము వద్దు, ఇంటి రాళ్ళే పెట్టాలని ఒప్పందం అయింది.

మా నలభై ఒక్క రాళ్ళ బరువు మూడు వందల ఇరవై కిలోలు. రెండు వేల సీసీ ఇంజిన్, బండి, కెజియా కలిసి ఆరు వందల ఎనభై. వెళ్ళిపోయిన ఏడిళ్ళ రాళ్ళు పోగా కూడా మొత్తం సరిగ్గా వెయ్యి. అందుకే ఇన్నేళ్ళూ రెండు వేలదే పెట్టుకున్నాం. అది మేము ఎంచుకున్నది కాదు, రాళ్ళు ఎంచింది. పడమటిగట్టువి ఇరవై ఎనిమిది ఇళ్ళే, రాళ్ళు కూడా చిన్నవి. అన్నీ కలిపి నూట డెబ్బై. వాళ్ళకు పదహారు వందలు అచ్చంగా సరిపోతుంది. వాళ్ళు గెలవడంలో గొప్ప రహస్యమేమీ లేదని ఇవాళ కాగితం మీద లెక్క వేస్తే తెలిసింది. సిగ్గుగా అనిపించింది.

మేము పదహారు వందలది పెట్టాలంటే నూట డెబ్బై కిలోల రాళ్ళు చాలు. మిగతావి దించాలి. అంటే ఇరవై ఇళ్ళ రాళ్ళు.

రాయి పగలగొట్టి చిన్నది చేయమని అడిగే ధైర్యం నాకు లేదు. నా రాయిని పగలగొట్టమంటే నేనే ఒప్పుకోను. దించమని అడగడం కూడా తేలిక కాదు. బండిలో రాళ్ళు ఏ వరసలో పేరిస్తే ఊళ్ళో ఇళ్ళకు నీళ్ళు ఆ వరసలో వదులుతారు. రాయి బండి ఎక్కలేదంటే ఆ ఇంటికి వరస లేదు. వరస లేని ఇంటికి నీళ్ళు లేవు.

26 రోజులు

గిద్యోను షెడ్డు తలుపు దగ్గరికి వేసి చెప్పాడు.

"అక్కా, ఒక పని చేద్దాం. ఇరవై రాళ్ళు మన కొట్టంలో దాచిపెడతా. వాటి బదులు గోనెసంచుల్లో చొప్ప కుక్కి, పైన మిగతా రాళ్ళు పేరుస్తా. ఊరోళ్ళకు అన్నీ ఉన్నట్టే కనపడతాది. తూకం ఎనిమిది వందలు వస్తాది, నియమం తప్పినట్టు కాదు. నువ్వు పుస్తకంలో నలభై ఒకటి అని రాసెయ్యి. అంతే."

"రాయను."

"ఎవరికి నష్టమక్కా?"

"నష్టం సంగతి నాకు తెలీదు గిద్యోనా. లేనిదాన్ని ఉందని రాయలేను."

"ఊరు పోతే నీ పుస్తకం ఎవరికి చూపిస్తావు?"

ఊరు పోవడం నాకూ ఇష్టం లేదు. చేతులు చీరకొంగుకు తుడుచుకున్నాను. షెడ్డు తలుపు తెరిచి అన్నాను. "ఇంటింటికీ పోయి అడుగుతా."

గిద్యోను నవ్వాడు. "నువ్వా? నువ్వు మాట్లాడితే పక్కన కూర్చున్నోళ్ళకే వినపడదు. అడుగుపో."

సాయంత్రం దాకా పదకొండు ఇళ్ళు తిరిగాను. పదకొండు చోట్లా మజ్జిగ ఇచ్చారు. ఒక్కచోట కూడా రాయి ఇవ్వలేదు. ఓబద్యా మామ రాయి అన్నిటికన్నా పెద్దది, పద్నాలుగు కిలోలు. ఆయన కళ్ళు సరిగా కనపడవు, మాట మాత్రం పదును.

"ఏం యూదితమ్మా, నా ఇంటిని బండిలోంచి దింపనీకి వచ్చినావా? నీ రాయి దింపినావా మొదట?"

"దింపుతా మామా."

"దింపి రా పో. అప్పుడు మాట్లాడదాం. నీ రాయొకటి దిగితే తొమ్మిది కిలోలు. ఇంకా ఎంత కావాల్నో లెక్క నీకే తెల్సు, పదో తరగతి గదా!"

24 రోజులు

ఆదివారం. ప్రార్థన అయ్యాక లేచి నిలబడ్డాను. ఈ మాట రెండు రోజులుగా మోకాళ్ళ మీద ఉండి అడుక్కుంటుంటే నా మనసుకు తట్టింది.

"రాయి దిగిన ఇళ్ళకు నీళ్ళు ముందు ఇద్దాం" అన్నాను.

"గట్టిగా చెప్పమ్మా!" అని వెనక వరసలోంచి ఎవరో అరిచారు.

"రాయి దిగిన ఇళ్ళకు నీళ్ళు ముందు! బండెక్కిన ఇళ్ళకు తరవాత!"

అందరూ ఒకేసారి మాట్లాడారు. ఇది ఎప్పుడూ లేని వరస అన్నారు. బండెక్కినోళ్ళు ఊరి బరువు మోస్తుంటే నీళ్ళు దిగినోళ్ళకు ముందా అన్నారు. ఓబద్యా మామ కర్ర నేలకు కొట్టి, "ఓడిపోయినాక ముందేంది, ఎనకేంది! ఆయమ్మ చెప్పింది లెక్కకు నిలబడతాది" అన్నాడు. ఆయనే ఒప్పుకున్నాక మిగతావాళ్ళు మెత్తబడ్డారు. చేతులెత్తించి లెక్కపెట్టాను. ముప్పై మూడు చేతులు లేచాయి.

దేవుడు నా గొంతు కొద్దిగా పెద్దది చేశాడు. ఆ మాత్రం చాలు.

23 రోజులు

నేను మంచువలలు పిండుతుండగానే షెడ్డు దగ్గర అలికిడి. వెళ్ళి చూస్తే జనం బారులు తీరి ఉన్నారు. రాళ్ళు దించుకుపోవడానికి!

ఇరవై రాళ్ళు దిగితే చాలని నిన్న చెప్పాను. ఆ ఇరవైలో ఎవరుండాలో చెప్పలేదు. నీళ్ళు ముందు వస్తాయంటే ఎవరికి వద్దు? మధ్యాహ్నానికి మూల ఖాళీ అయింది. నా రాయి, ఓబద్యా మామ రాయి తప్ప ఏమీ మిగల్లేదు. ఆయన కూడా ఉంచాలని ఉంచలేదు, మోసుకుపోయే మనిషి దొరక్క ఉంచాడు.

గిద్యోను రెండు రాళ్ళ పక్కన చతికిలబడి నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇరవై మూడు కిలోలు. నూట నలభై ఏడు తక్కువ. నిన్నటిదాకా దింపరంటివి, ఇయ్యాల ఎక్కించరు. పన్నెండు వందలది పెట్టుకుందామా అక్కా? దానికి పది కిలోలు చాలు."

"అది మూడు ఐదుల పైన ఎనిమిది గదా" అని కెజియా కసిరింది.

"అదెక్కడి లెక్క మేయ్?"

"పదిహేను పాయింటు ఎనిమిది. ఓడిపోయే లెక్క."

నాకు నవ్వు రాలేదు. తప్పు నాది. మనుషుల ఆశను లెక్కలో వేసుకోలేదు.

22 రోజులు

ఇవాళ ఇంటింటికీ వెళ్ళి ఒక్క మాటే చెప్పాను. "నా రాయి బండిలో ఉంటాది. నా ఇంటికి నీళ్ళు అందరికన్నా చివర, నలభై ఒకటో ఇల్లుగా రాసుకున్నా. నాతో పాటు చివర ఉండనీకి ఎవరన్నా వస్తారా?"

ఇంతకన్నా మంచిగా అడగడం నాకు చేతకాలేదు.

ఓబద్యా మామ షెడ్డుకు వచ్చి తన రాయి ఇంటికి చేర్చమని నన్నే అడిగాడు. సరేనని ఒళ్ళోకి ఎత్తుకోబోయాను. లేవలేదు. ఆయన నా ఊపిరి చప్పుడు విని, "ఉండనీలే, ఉండనీ. నాకు నాలుగు సాళ్ళు. ఎప్పుడు తడిస్తేనేమి!" అన్నాడు. తరవాత తన ఇంటి గుమ్మంలో కూర్చుని దారిన పోయే ప్రతి మనిషినీ పేరు పెట్టి పిలిచాడు. "ఏమప్పా, నా కన్నా ముసలోడివా నువ్వు, ముందు నీళ్ళు కావల్నా?"

సాయంత్రానికి పంతొమ్మిది రాళ్ళు తిరిగి వచ్చాయి. ఎక్కువగా చిన్న పొలాలవాళ్ళవే. ఒకటి మాత్రం పెద్ద పొలం వాళ్ళది. ఆ ఇల్లాలు రాయి షెడ్డులో పెట్టి, "మా ఆయనకు తెలీదు. తెలిస్తే నేనే చెప్పుకుంటా" అని వెళ్ళిపోయింది. మొత్తం ఇరవై ఒక్క రాళ్ళు, నూట డెబ్బై ఒక్క కిలోలు.

20 రోజులు

చెరువు మధ్య తూకపు బల్ల దగ్గర రెండు ఊళ్ళూ కలిశాయి. ఈ బల్ల పాతకాలపుది, ఎండతో నడుస్తుంది. ఎవరో ఆడమనిషి గొంతుతో బరువు చెబుతుంది. "మీ వాహనం బరువు ఎనిమిది వందల ఒక కిలో. దయచేసి ముందుకు కదలండి" అంది. ఆ మర్యాదకు కెజియా ఎప్పటిలాగే దండం పెట్టింది.

ఇంజిన్ 1600 సీసీ. సీలు పడింది. పడమటిగట్టు పుస్తకం రాసే కుళ్ళాయమ్మ నా పుస్తకంలో సంతకం చేసింది, నేను ఆమె పుస్తకంలో చేశాను. నా వయసే ఆమెకు.

"సగం రాళ్ళు ఏమైనాయి యూదితమ్మా, తినేసినారా?"

"మీ మాదిరి తేలిగ్గా ఉందామని" అన్నాను.

ఆమె నవ్వింది గానీ కళ్ళతో బండి వెనక భాగమంతా లెక్కపెట్టుకుంది.

12 రోజులు

ఇంజిన్ ఇక మార్చలేం. మార్చగలిగింది వెనక ఇరుసులో చక్రాలను తిప్పే పళ్ళ చక్రాల జత, క్రౌన్, పినియన్, అదొక్కటే. మా దగ్గర రెండు జతలున్నాయి. ఒకటి నలభై ఒక్క పళ్ళ చక్రానికి పది పళ్ళ పినియన్. రెండోది ముప్పై తొమ్మిదికి పదకొండు. మొదటి జత పెడితే బండి కాళ్ళలో స్ప్రింగు ఉన్నట్టు లేస్తుంది, కానీ గేర్లు త్వరగా అయిపోతాయి. రెండో జతతో లేవడం నిదానం, ఒక్కో గేరు ఎక్కువ దూరం సాగుతుంది. ఇప్పుడున్నది మొదటిది.

ఇవాళ మూడు పరుగులు తీశాం. 15.5, 15.6, 15.8. తోలేకొద్దీ కాలం పెరుగుతోంది. గిద్యోను కార్బురేటర్ విప్పాడు, ప్లగ్గులు మార్చాడు, సారాలో నీళ్ళు కలిశాయని కాచినవాళ్ళను తిట్టాడు.

కెజియా బండి దిగి, తలుపు పట్టుకుని కాసేపు అట్లాగే నిలబడింది. ఆ తరవాత నడిచింది. నేను వెంట వెళ్ళి వలల చాటున కూర్చోబెట్టి మోకాలు చూశాను. కుండలా వాచి ఉంది.

"ఎన్నాళ్ళనుంచి?"

"ఇంగ పన్నెండు రోజులే గదత్తా."

"నేను అడిగింది అది కాదు."

"క్లచ్ తొక్కినప్పుడే నొప్పి. తొక్కనప్పుడు ఏం లేదు. గిద్యోను మామకు చెప్పొద్దు. నన్ను దింపేస్తాడు. ఊళ్ళో ఇంకెవరికీ ఈ బండి రాదు." అని తల నా భుజానికి ఆనించింది. "పోయిన ఏడు ఓడింది నేను. ఏడిళ్ళు పోయింది నా వల్ల."

"బ్రేకు పడనిది గీత దాటినాక గదా. ఓడింది బరువు వల్ల."

"ఆ లెక్క నీకు తెల్సు. పోయినోళ్ళకు తెలీదు."

ప్రార్థన చేసి నూనె రాశాను. చెప్పొద్దన్న మాటను ఈ పుస్తకంలో రాస్తున్నాను. పుస్తకం గిద్యోను కూడా చదువుతాడని దానికీ తెలుసు.

11 రోజులు

పాత పేజీలు ముందేసుకుని కూర్చున్నాను. మొదటి జతతో గీత దాటేలోపు గేరు మూడుసార్లు మార్చాల్సి వస్తోంది. ఒకటి నుంచి రెండు, రెండు నుంచి మూడు, మూడు నుంచి నాలుగు. ఆ మూడోసారి గీతకు ముప్పై మీటర్ల ముందు వస్తోంది. మోకాలు బాగున్నప్పుడు ఒక్కో మార్పుకు సెకనులో మూడో వంతు పోయేది. ఇప్పుడు అర సెకను పైన పోతోంది.

గీతకు ముప్పై మీటర్లు ఉండగా అర సెకను దేనికి పోగొట్టుకోవాలి? మూడో గేరులోనే గీత దాటేస్తే?

మూడో గేరులో ఇంజిన్ నిమిషానికి ఆరున్నర వేల చుట్లు దాటితే వాల్వులు వంగుతాయి. మొదటి జతతో గీత దగ్గర ఏడు వేలు దాటుతుంది. రెండో జత పెడితే ఆరువేల రెండు వందలు. మూడుసార్లు వేసుకున్నాను ఆ గుణకారం. మూడుసార్లూ అదే వచ్చింది.

గిద్యోనుకు కాగితం చూపించాను. చదివాడు. ముందు పేజీ కూడా చదివాడు. చాలాసేపు రెంచి తుడుస్తూ ఉండిపోయాడు.

"రెండో జత పెడితే లేవడం చచ్చుగా ఉంటాదక్కా. పడమటోళ్ళు మొదట్లోనే రెండు బండ్ల పొడుగు పోతారు."

"తరవాత పట్టుకోలేమా?"

"నాకైతే నమ్మకం లేదు." రెంచి కింద పెట్టాడు. "మంచి కాలున్న మనిషికి ఎవరైనా మొదటిదే పెడతారు."

"మన మనిషి కాలు అది కాదు గదా గిద్యోనా."

అతను లేచి జాకీ తెచ్చాడు.

5 రోజులు

ముప్పై తొమ్మిదికి పదకొండు. ఒకే పరుగు తీశాం, సారా అంతే మిగిలింది. 15.5. మోకాలు అట్లాగే ఉంది. గిద్యోను రెండు రోజులుగా నాతో సరిగా మాట్లాడటం లేదు. కానీ కెజియా సీటు వెనక మెత్త పెట్టి, క్లచ్ పెడలుకు గుడ్డ చుట్టి, దాని కాలికి అందేలా అంగుళం ముందుకు జరిపాడు. ఎవరూ అడగలేదు. నేను రాసుకుంటున్నాను.

పరుగు రోజు

మూడు పరుగులు. రెండు గెలిచినవాళ్ళది మొదటి వంతు.

తూకం ఎనిమిది వందల ఒకటి. "దయచేసి ముందుకు కదలండి."

మొదటి పరుగు: మాది 15.7, వాళ్ళది 15.5. గిద్యోను చెప్పినట్టే అయింది. దీపం పచ్చగా వెలగగానే వాళ్ళ బండి దూకింది, మాది నిద్రలేచినట్టు కదిలింది. చివరలో దగ్గరికి వచ్చింది గానీ చాల్లేదు. ఊరు ఊరంతా గట్టు మీద కూర్చుండిపోయింది. ఓబద్యా మామ ఒక్కడే నిలబడి, "ఏమైంది? ఏమైంది చెప్పండప్పా!" అని అడుగుతున్నాడు. ఎవరూ చెప్పలేదు.

పరుగుకూ పరుగుకూ మధ్య గంట సమయం ఉంటుంది. గిద్యోను పాత జత సంచిలోంచి తీసి బట్ట మీద పరిచాడు.

"గంటలో మార్చేస్తా. పాత జతే పెడదాం."

నా గుణకారం తప్పయి ఉంటుందనుకున్నాను. ఊరంతటినీ ఒక గుణకారం మీద నిలబెట్టానని భయం వేసింది. కళ్ళు మూసుకున్నాను, ప్రార్థన మాటలు కూడా గుర్తు రాలేదు.

కెజియా బండిలోంచి తల బయటికి పెట్టింది.

"అది లోపల పెట్టు మామా."

"ఓడిపోతిమి గదా మేయ్!"

"ఓడింది జత వల్ల కాదు. నేను పాత జతకు తోలినట్టు తోలినా. దానికి క్లచ్ మెల్లగా వదలల్ల, లేకుంటే చక్రాలు తిరుగుతాయి. దీనికి అంత భయం అక్కరలేదు. ఇంజిన్ని బాగా అరిపించి ఒక్కసారే వదిలేస్తా. తిరగవు."

"తిరిగితే?"

"తిరిగితే నన్ను తిట్టుకోండి. మూడోసారి తొక్కే పని లేదని అత్త చెప్పింది గదా. ఆ ఒక్క తొక్కుడు తప్పించినారు మీరిద్దరూ. మళ్ళీ నా కాలికి ఇయ్యొద్దు దాన్ని."

గిద్యోను పాత జతను బట్టలో చుట్టాడు.

రెండో పరుగు: మాది 15.4, వాళ్ళది 15.5.

మూడో పరుగుకు ముందు కెజియా కాలు కిందపెట్టలేకపోయింది. దిగకుండా బండిలోనే కూర్చుంది. నేను కిటికీలోంచి నీళ్ళ లోటా అందిస్తే సగం తాగి, సగం మోకాలి మీద పోసుకుంది. దాని చెయ్యి పట్టుకుని ప్రార్థించాను. గెలవాలని అడగలేదు. అవతలివాళ్ళు కూడా అదే అడుగుతుంటారు గదా. ఈ పిల్ల కాలు గీత దాకా నిలబెట్టమని మాత్రం అడిగాను.

దీపం పచ్చబడింది. ఇంజిన్ అరిచింది. రెండు బండ్లూ కలిసే లేచాయి. ఒకటో మార్పు విన్నాను. రెండో మార్పు విన్నాను. సగం దూరంలో వాళ్ళ బండి ముక్కు ముందుంది. ఆ తరవాత వాళ్ళ ఇంజిన్ చప్పుడు ఒక్క క్షణం తెగింది. వాళ్ళు నాలుగో గేరుకు మారుతున్నారు. మాది తెగలేదు. మూడో గేరులో అట్లాగే అరుస్తూ పోయింది.

మాది 15.3. వాళ్ళది 15.4. ఒక బండి పొడుగు.

ఊరంతా చెరువులోకి పరిగెత్తింది. గిద్యోను పరిగెత్తలేదు. గట్టు మీద కూర్చుని ముఖానికి రెండు చేతులూ అడ్డం పెట్టుకున్నాడు. కెజియాను నలుగురు సీటుతో సహా ఎత్తుకొచ్చారు. అది ఏడుస్తూ, "మెల్లగా, మోకాలు, మోకాలు!" అని అందరినీ తిడుతోంది.

ఒప్పందం ప్రకారం కుళ్ళాయమ్మ ఈ పుస్తకాన్ని బిగ్గరగా చదివింది. మంచి గొంతు ఆమెది, గట్టు చివరిదాకా వినపడింది. చొప్ప మూటల దగ్గర కొంచెం ఆగింది. గిద్యోను తల దించుకున్నాడు. రాళ్ళన్నీ ఖాళీ అయిన రోజు చదువుతుంటే రెండు ఊళ్ళూ నవ్వాయి. నలభై ఒకటో ఇల్లు అన్న మాట దగ్గర ఆమె కళ్ళెత్తి నన్ను చూసింది. తరవాత పుస్తకం మూసి నా చేతికిచ్చింది. వాళ్ళకు నలభై రోజుల తరవాత నీళ్ళు వస్తాయి. అదెట్లా ఉంటుందో నాకు తెలుసు.

నీటి వంతు, 40వ రోజు

దిగిన ఇళ్ళు తడిశాయి. ఎక్కిన ఇళ్ళు తడిశాయి. ఓబద్యా మామ నాలుగు సాళ్ళు ముప్పై మూడో రోజు తడిశాయి. ఆయన మట్టిలో చెయ్యి పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు. ఇవాళ నాది. పొద్దున వలలు పిండి, ప్రార్థన చేసుకుని, తూము ఎత్తాను. నీళ్ళు సన్నగా ఉన్నాయి గానీ శుభ్రంగా ఉన్నాయి. నా పొలం ఊరి చివరిది. దాని అవతల హద్దు తలుపు, తలుపు అవతల పడమటిగట్టు కాలువ. రేపు పొద్దున ఆ తలుపు ఎత్తాలి.

తలుపు అవతల కుళ్ళాయమ్మ గట్టు మీద కూర్చుని ఉంది. ఆమె వెనక రాగినారు మడులు. నారు కొసలు తెల్లబడ్డాయి. ఇవాళ ఎండ గట్టిగా ఉంది. రేపటిదాకా ఆగితే ఆ నారులో నాటడానికి ఏమీ మిగలదు. ఆమె ఏమీ అడగలేదు. నేను ఆమె వైపు చూడకుండా మధ్యాహ్నం దాకా సాళ్ళకు నీళ్ళు మళ్ళించాను.

అప్పటికి నా కొర్ర సగం తడిసింది. మిగతా సగం తడవాలంటే సాయంత్రం దాకా నీళ్ళు కావాలి.

తూము దించాను. వెళ్ళి హద్దు తలుపు చక్రం పట్టుకున్నాను. తుప్పు పట్టి తిరగలేదు. కుళ్ళాయమ్మ లేచి వచ్చి అవతలినుంచి పట్టుకుంది. ఇద్దరం కలిసి తిప్పాం.

"దానం చేస్తాండావా యూదితమ్మా?" అంది, ఆయాసపడుతూ.

"దానమేం కాదు. పూట ముందు ఎత్తుతాండా."

"నీకు చాలిందా?"

"చాల్లేదు."

ఆమె చక్రం వదిలేసి నన్ను చూసింది. నీళ్ళు తలుపు కిందినుంచి దూరి ఆమె కాళ్ళ మధ్యగా మడుల వైపు పోతున్నాయి.

"పుస్తకంలో ఏమని రాస్తావు? మీ ఊరోళ్ళు అడుగుతారు గదా."

వంతులు రాసే నీళ్ళ పుస్తకం కూడా నా దగ్గరే ఉంటుంది, అందులో తలుపు ముందే ఎత్తితే కారణం రాయడానికి ఒక గడి ఉంది. ఇన్నేళ్ళలో ఆ గడి ఎవరూ నింపలేదు. గట్టు మీద కూర్చుని, చేతులు తుడుచుకుని రాశాను. కుళ్ళాయమ్మ వంగి చదివింది. పరుగు రోజులా బిగ్గరగా చదవలేదు.

తలుపు ఎత్తిన వేళ: మధ్యాహ్నం. ఇల్లు: నలభై ఒకటి. తడిసిన పొలం: సగం. కారణం: అవతల నారు ఎండుతోంది.